బట్టల షాపులో అల్లరి పిల్లలు: కౌంటర్ దగ్గర నిలబడేవాళ్ళు ఏం చేయాలి

పెళ్ళి బట్టలకని వచ్చిన కుటుంబంలో పన్నెండు మంది ఉంటారు. చీరలు చూసేవాళ్ళు ఎనిమిది మంది, ధర మాట్లాడేవాళ్ళు ఇద్దరు. మరి పిల్లాణ్ణి ఎవరు చూస్తున్నారంటే, నాన్నమ్మ దగ్గర ఉన్నాడని తల్లి అనుకుంటుంది, పిన్ని దగ్గర ఉన్నాడని నాన్నమ్మ అనుకుంటుంది, పిన్ని అద్దం ముందు కొంగు వేసుకుని చూసుకుంటూ ఉంటుంది. ఈలోగా ఆ ఐదేళ్ళవాడు తెల్లదుప్పటి పరుపు ఎక్కి, మీరు అప్పుడే విప్పి పరిచిన గద్వాల చీర మీద బూట్లతో నిలబడతాడు. అరిచారా, బేరం పోతుంది. ఊరుకున్నారా, చీర పోతుంది. అరవడానికీ ఊరుకోవడానికీ మధ్య చేయగలిగింది చాలా ఉంది. అది నేర్చుకుంటే వచ్చేదే.

ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. ఆ పిల్లాడికి బుద్ధి చెప్పడం మీ పని కాదు. వాడు మీ దగ్గర ఉండేది గంటో రెండు గంటలో. ఆ కాసేపూ వాడికి దెబ్బ తగలకూడదు, పెద్దవాళ్ళ మొహం చిన్నబోకూడదు, సరుకు పాడవకూడదు. మూడూ ఒకేసారి కుదరనప్పుడు వరస కూడా ఇదే: ముందు పిల్లాడు, తరవాత పెద్దవాళ్ళ మర్యాద, ఆఖరున సరుకు. చీర లాగుతూ పడబోతున్న పిల్లాణ్ణి చూసి చీర పట్టుకునేవాళ్ళు ఉంటారు. పట్టుకోవాల్సింది పిల్లాణ్ణి.

షాపు తెరిచే ముందు పదిహేను నిమిషాలు

నేల మీద గొంతుక్కూర్చుని ఒకసారి చుట్టూ చూడండి. నిలబడితే కంటపడనివి అప్పుడు కనిపిస్తాయి. కింది అరలోంచి వేలాడుతున్న కొంగు కుచ్చులు, చీర కట్టి నిలబెట్టే బొమ్మ (మానిక్విన్) కాలి దగ్గర వదులైన బోల్టు, మూత లేని ప్లగ్గు, రెడీమేడ్ చొక్కాల ప్యాకింగ్‌లోంచి రాలిన గుండుసూదులు, కాలర్ కింద పెట్టే ప్లాస్టిక్ క్లిప్పులు. ఇవన్నీ పిల్లల నోటికి, చేతికి అందేవే. సూదులు ఏరడానికి ఒక అయస్కాంతం ముక్కని కర్రకి కట్టి ఉంచుకుంటే రెండు నిమిషాల పని.

నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తు దాకా ఉన్నదంతా చిన్నపిల్లలకి అందుతుందని లెక్క వేసుకోండి. ఆ లోపల తువ్వాళ్ళు, లుంగీలు, దుప్పట్లు, పంచెలు పెట్టండి. ముట్టుకున్నా, లాగినా, మళ్ళీ మడతపెట్టుకోవచ్చు. పట్టు, వర్క్ చీరలు, నెట్ దుపట్టాలు పై అరల్లోకి పోవాలి. చాలా షాపుల్లో మెరిసేవి కనపడాలని పట్టుని కింద వేలాడదీస్తారు. పెద్దవాళ్ళ కంటికి ఆనాలంటే అది ఐదడుగుల ఎత్తున ఉండాలి కానీ మూడడుగుల దగ్గర కాదు.

బొమ్మల సంగతి ప్రత్యేకంగా చూడాలి. ఫైబర్ బొమ్మ తేలిక, ఒక చెయ్యి పట్టుకుని లాగితే చాలు ముందుకి వాలుతుంది. చెయ్యి ఊడి కిందపడేది కూడా ఎక్కువే, భుజం దగ్గరి లాక్ సరిగ్గా తిరగకపోతే అంతే. కింది ప్లేటుని చెక్క దిమ్మకి బోల్టు వేయించండి, లేదా నడుము దగ్గర సన్నతీగతో వెనక గోడ కొక్కేనికి కట్టండి. చీర కడితే తీగ కనిపించదు. నిలువుటద్దాలు గోడకి ఆనించి వదిలేయకుండా పైన కూడా బిగించాలి. అద్దాల తలుపు మీద నాలుగున్నర అడుగుల దగ్గర ఒక స్టిక్కర్ ఉంటుంది కదా, రెండడుగుల ఎత్తున ఇంకోటి అతికించండి. పరిగెత్తుకుంటూ వచ్చేవాడికి కనపడేది అదే.

తరవాత ఒక డబ్బా తయారు చేసుకోవాలి. రెండు స్లేట్లు, తెల్ల సుద్దముక్కలు, నాలుగైదు బొమ్మల పుస్తకాలు, పెద్ద ముక్కలున్న పజిల్ ఒకటి, మూతలున్న ఖాళీ చీర పెట్టెలు ఐదారు, తెల్ల నూలు గుడ్డలు నాలుగు, టిష్యూలు. ఐదారు వందల్లో అయిపోతుంది. స్లేటే ఎందుకంటే, సుద్ద అంటితే దులిపితే పోతుంది. స్కెచ్ పెన్ను, బాల్ పెన్ను, క్రేయాన్ వద్దు. అవి పరుపు మీది తెల్లదుప్పటిని దాటి చీర మీదకి రావడానికి నిమిషం పట్టదు. బెలూన్లు కూడా వద్దు. పగిలిన ముక్క చిన్నపిల్లల గొంతులో అడ్డుపడితే ఊపిరి ఆగుతుంది.

ఈ డబ్బా పెట్టి పిల్లల్ని కూర్చోబెట్టే చాప తల్లి కూర్చున్న చోటు నుంచి కనపడాలి, పది అడుగులకి మించి దూరం ఉండకూడదు. మేడ మీద మూలగదిలో రంగురంగుల ప్లే ఏరియా కట్టించి, అక్కడికి ఒక్క పిల్లాడూ పోవడం లేదని బాధపడే యజమానులు ఉన్నారు. అమ్మ కనపడని చోట చిన్నపిల్లలు ఆడుకోరు. మెట్ల దగ్గరా, తలుపు దగ్గరా మాత్రం ఆ చాప వేయకండి.

"పిల్లల్ని అదుపులో పెట్టుకోండి" అని బోర్డు పెడితే లోపలికి అడుగుపెట్టకముందే ఆ తల్లిని తప్పుపట్టినట్టు అవుతుంది. అంతకంటే "మంచినీళ్ళు, టాయిలెట్, పిల్లలు కూర్చునే చోటు ఇటు" అని బాణం గుర్తు వేయండి. పిల్లలు గొడవ చేసేది ఎక్కువగా ఆకలికి, నిద్రకి, ఒంటేలు ఆపుకోలేక, ఉక్కపోతకి. ఆ బోర్డు సగం గొడవని అక్కడే తీరుస్తుంది.

వాళ్ళు వచ్చి కూర్చున్న మొదటి రెండు నిమిషాలు

కస్టమర్లని పలకరించేటప్పుడే పిల్లలెంతమందో లెక్కపెట్టండి. వాళ్ళ చొక్కా రంగు, గౌను రంగు గుర్తుపెట్టుకోండి, ఎందుకో తరవాత చెప్తాం. పిల్లాడి మొహం చూసి "ఏరా కన్నా, భోంచేశావా?" అని అడగండి. జవాబు తల్లి చెప్తుంది. ఇంకా తినలేదంటే వాళ్ళని చాలాసేపు కూర్చోబెట్టే కంచి పట్టు సెక్షన్‌కి తీసుకెళ్ళకుండా, తొందరగా తేలే పని ముందు చూపించండి.

తరవాత ఒక్క ప్రశ్న: "బాబు ఎవరి దగ్గర ఉంటాడమ్మా?" మామూలుగా, నవ్వుతూ అడగాలి. ఆ ప్రశ్న విన్న క్షణంలోనే వాళ్ళలో వాళ్ళు చూసుకుని ఎవరో ఒకరు "నేను చూస్తాలే" అంటారు. అంతదాకా ఎవరిదీ కాని పని అప్పుడు ఒకరిది అవుతుంది. అది ఎవరో గుర్తుపెట్టుకోండి, అవసరమైతే మాట్లాడేది వాళ్ళతోనే. పెళ్ళి బేరాల్లో ఆ బాధ్యత ఎక్కువగా పెళ్ళికాని పిన్నికో చిన్న మామయ్యకో పడుతుంది. వాళ్ళకి కుర్చీ వేయండి, మంచినీళ్ళివ్వండి.

కూర్చోబెట్టేటప్పుడు పిల్లాణ్ణి గోడకీ పెద్దవాళ్ళకీ మధ్య వచ్చేలా చూడండి. దారి వైపు కూర్చుంటే లేచి పరిగెత్తడం సులువు. పిల్లలు దగ్గరగా ఉన్నప్పుడు పరుపు మీద ఐదారు చీరలకి మించి విప్పి ఉంచకండి. వద్దన్నది వద్దన్నట్టే మడతపెట్టి పక్కన పేర్చండి. ఇరవై చీరలు గుట్టగా పడి ఉంటే అది పిల్లలకి గడ్డివాములాగే కనిపిస్తుంది, దూకుతారు.

పిల్లల బట్టలు కూడా కొనాలంటే అవే ముందు చూపించమని మా సలహా. పెద్దవాళ్ళు "వాళ్ళవి ఆఖర్న చూద్దాం" అంటారు. ఆఖరికి వచ్చేసరికి పిల్లాడు అలిసిపోయి చొక్కా వేసుకోనని ఏడుస్తాడు, సైజు చూడకుండా కొంటారు, మూడో రోజు మార్చడానికి వస్తారు. ముందే కొంటే తన సంచి ఒళ్ళో పెట్టుకుని కాసేపైనా కుదురుగా ఉంటాడు.

చేతులకి పని

"ముట్టుకోకు", "పరిగెత్తకు", "ఎక్కకు" అన్న మాటలు పిల్లలకి ఏం చేయకూడదో చెప్తాయి, ఏం చేయాలో చెప్పవు. మూడేళ్ళవాడికి "పరిగెత్తకు" అంటే చెవిన పడేది పరిగెత్తడమే. దానికి బదులు "మెల్లగా నడిచి నా దగ్గరికి రా", "చేతులు వెనక్కి పెట్టుకుని చూడు, ఇదిగో ఇలా" అని చేసి చూపించండి. చేతికి పని దొరికిన పిల్లాడు చీర లాగడు.

రెండు మూడేళ్ళవాళ్ళకి రెండు ఖాళీ పెట్టెలు, మూతలు చాలు. పెట్టడం తీయడంలోనే పావుగంట గడుస్తుంది. నాలుగు నుంచి ఆరేళ్ళవాళ్ళని లెక్కకి పెట్టండి: "ఈ అరలో ఎర్ర చీరలు ఎన్నున్నాయో వేలితో చూపించి చెప్పు, ముట్టుకోకుండా చెప్తే నువ్వు గెలిచినట్టు." ఏడెనిమిదేళ్ళు దాటినవాళ్ళకి నిజమైన పని ఇవ్వాలి, ఉత్తుత్తి పని ఇస్తే ఇట్టే కనిపెడతారు. ట్యాగ్ మీది నంబరు చదవమనండి, కాలిక్యులేటర్ ఇచ్చి కూడమనండి, సరిపోయిందో లేదో మీరు కూడా కూడి చూపించండి. ఎంచుకున్న చీరల కట్ట బిల్లింగ్ దాకా మోసుకెళ్ళే బాధ్యత ఇవ్వండి. పదకొండు దాటిన ఆడపిల్లనో మగపిల్లాణ్ణో "అమ్మకి ఈ రెండిట్లో ఏది బావుంటుంది?" అని అడిగి, వాళ్ళు చెప్పిన చీర ఒకటి పక్కన తీసిపెట్టండి. వాళ్ళ మాటకి విలువ ఉందనిపిస్తే కుర్చీ లాగి కూర్చుంటారు.

పని అయ్యాక మెచ్చుకోవాలి, అదీ వివరంగా. "గుడ్ బాయ్" అని ఊరికే అనడం కంటే "ఇరవై మూడు చీరలూ ముట్టుకోకుండా లెక్కపెట్టావే" అంటే పక్కనున్న తల్లి కూడా వింటుంది. ఇరవై నిమిషాలకోసారి పని మార్చండి. మారిస్తేనే నిలుస్తుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, మీ సొంత ఫోన్ ఇవ్వడం. తీసుకునేటప్పుడు ఏడుపు, కిందపడితే నష్టం మీది. రెండోది, ఏడవగానే చాక్లెట్ ఇవ్వడం. ఏడిస్తే చాక్లెట్ వస్తుందని వాడికి తెలిసిపోతుంది, పక్క పరుపు మీది పిల్లాడికి కూడా తెలిసిపోతుంది. పైగా చాక్లెట్ అంటిన చేతులు మళ్ళీ చీర మీదకే వస్తాయి. ఇవ్వాలనుంటే బిల్లు అయ్యాక, తల్లిని అడిగి, తల్లి చేతికి ఇవ్వండి. వేరుశెనగలు, పల్లీపట్టీ, గట్టి బిళ్ళలు ఐదేళ్ళలోపు పిల్లలకి అసలు వద్దు, గొంతుకి అడ్డుపడతాయి. నీళ్ళు సగం గ్లాసే పోసి ఇవ్వండి. కూల్‌డ్రింక్ పరుపు దగ్గరికి రానివ్వకండి.

అయినా వినకపోతే

అడుగులు వరసగా వేయాలి. మొదటి అడుగు పిల్లాడితోనే. దూరం నుంచి కేకేయకుండా దగ్గరికెళ్ళి, రెండు చేతుల దూరంలో మోకాళ్ళు వంచి, వాడి కళ్ళకి మీ కళ్ళు సమానంగా వచ్చేలా కూర్చోండి. గొంతు తగ్గించండి. ఒకే వాక్యం: "కన్నా, పరుపు మీదకి బూట్లు తీసి రావాలి." చెప్పి ఐదారు అంకెలు మనసులో లెక్కపెట్టేంత సేపు ఆగండి. చిన్నపిల్లలకి మాట విని పని మొదలుపెట్టడానికి ఆ మాత్రం సమయం కావాలి. ఈలోపే మళ్ళీ మళ్ళీ చెప్తే మీ మాట వాడికి గోలగా మారిపోతుంది.

రెండోసారి కూడా వినకపోతే రెండో అడుగు, పెద్దవాళ్ళతో. అందరి ముందూ కాదు. ఎవరు చూస్తానన్నారో వాళ్ళ దగ్గరికి వంగి, సరుకు గురించి కాకుండా పిల్లాడి గురించి చెప్పండి. "అక్కా, బాబు ఆ బొమ్మ పట్టుకుని ఊగుతున్నాడు, మీద పడితే దెబ్బ తగులుతుందేమోనని భయంగా ఉంది" అంటే వెంటనే లేస్తారు. అదే విషయం "మీవాడు మా బొమ్మ పడగొట్టేలా ఉన్నాడు" అంటే జవాబు "చిన్నపిల్లాడండీ, ఏదో ఆడుకుంటున్నాడు" అని వస్తుంది. "పెంపకం", "మీ ఇంట్లో" అన్న మాటలు నోట రాకూడదు. పెద్దావిడైతే అమ్మా అని, తల్లి వయసుని బట్టి అక్కా అనో మేడమ్ అనో, తండ్రినైతే సార్ అనో అన్నా అనో పిలవండి. మనవణ్ణి ఏమన్నా అంటే నాన్నమ్మలకి ముందు రోషం వస్తుంది కాబట్టి, ఆవిడని మీ వైపు తిప్పుకోవడం మంచిది: "మామ్మగారూ, మీరు పిలిస్తే వస్తాడండీ, మా మాట వినడం లేదు."

మూడో అడుగు సరుకు తీసేయడం. మాటల్లేకుండా పట్టు చీరలన్నీ మడతపెట్టి వెనక్కి జరపండి. "బాబు కాస్త కుదుటపడ్డాక విప్పి చూపిస్తానమ్మా, మళ్ళీ ఏ చీరకైనా పోగు లాగితే మీకే ఇబ్బంది" అని నిదానంగా చెప్పండి. పెద్దవాళ్ళు వచ్చిన పని ఆగింది కాబట్టి వాళ్ళే చూసుకుంటారు. ఇది కోపంగా చేస్తే మాత్రం అవమానంగా తీసుకుని లేచిపోతారు. అప్పటికీ కుదరకపోతే సూపర్‌వైజర్‌ని పిలవాలి. వెళ్ళిపొమ్మని చెప్పాల్సిన పరిస్థితి చాలా అరుదు, ఆ మాట కౌంటర్ దగ్గరివాళ్ళు చెప్పకూడదు. సూపర్‌వైజరే "నచ్చిన నాలుగు చీరలు రేపటిదాకా మీ పేరు మీద పక్కన పెడతాం, పొద్దున పదకొండింటికి జనం తక్కువ ఉంటారు, అప్పుడు వస్తే తీరిగ్గా చూడొచ్చు" అని చెప్తే బేరమూ నిలుస్తుంది.

"అంకుల్ కొడతాడు చూడు"

ప్రతి షాపులోనూ రోజూ వినపడే మాట ఇది. తల్లి తన మాట వినని పిల్లాడికి మిమ్మల్ని బూచి చేసి చూపిస్తుంది. మొహమాటానికి మీరు కూడా కళ్ళు పెద్దవి చేసి చూస్తే పిల్లాడు జడుసుకుని ఇంకా గట్టిగా ఏడుస్తాడు. అసలు ప్రమాదం వేరే ఉంది. రేపు ఇదే షాపులో తప్పిపోతే సాయం అడగాల్సింది యూనిఫామ్ వేసుకున్న మిమ్మల్నే. కొడతాడనుకున్న మనిషి దగ్గరికి పిల్లాడు రాడు, బట్టల స్టాండు కింద దాక్కుంటాడు. అందుకని నవ్వుతూనే సరిచేయండి: "లేదు నాన్నా, అంకుల్ కొట్టడు. మెట్ల దగ్గరికి మాత్రం వెళ్ళనివ్వడు. నీకు అమ్మ కనపడకపోతే ఈ నీలం చొక్కావాళ్ళ దగ్గరికి రా." తల్లికీ కోపం రాదు, పిల్లాడికి కావలసింది తెలుస్తుంది.

నేల మీద పడి ఏడుస్తుంటే

బొమ్మ కొనలేదనో ఐస్‌క్రీమ్ కావాలనో నేల మీద దొర్లే పిల్లాడికి ఆ క్షణాన ఏ మాటా ఎక్కదు. చుట్టూ చేరినవాళ్ళని పంపించేయండి, తలకి తగిలేలా ఉన్న స్టూలు, మూలలు తప్పించండి, తల్లికి మంచినీళ్ళు ఇచ్చి "మేము చూస్తుంటాం, నిదానంగా కానివ్వండి" అనండి. ఆ తల్లికి అప్పటికే అందరి చూపులూ గుచ్చుకుంటుంటాయి. మీ నుంచి ఆ ఒక్క మాట వస్తే ఆవిడ ఆ షాపుని మర్చిపోదు.

కొందరు పిల్లలు అల్లరి చేయడం లేదు, తట్టుకోలేకపోతున్నారు. రెండు చెవులూ మూసుకోవడం, ఒకే తీరుగా ఊగడం, చేతులు విదిలించడం, పిలిస్తే చూడకపోవడం కనిపిస్తే ఆటిజం ఉన్న పిల్లాడేమో అని ఆలోచించండి. స్పీకర్లలో పాటలు, మైకులో ఆఫర్ల కేకలు, మెరిసే లైట్లు, జనం అన్నీ ఒక్కసారి మీద పడితే వాళ్ళకి భరించలేని నొప్పిలా ఉంటుంది. ఆ ఫ్లోర్‌లో పాట ఆపించండి, మైకు ఆపించండి, ఖాళీగా ఉన్న చోటు చూపించండి. ముట్టుకోకండి, ముందుకొచ్చి బుజ్జగించకండి. "ఏం చేస్తే కుదుటపడతాడో చెప్పండమ్మా" అని తల్లినే అడగండి, ఆవిడకి తెలుసు. "వీడికేమైంది?" అని మాత్రం అడగకండి.

చీరకి మరకో పోగో

చిన్న చెప్పులకి ఉండే వెల్‌క్రో పట్టీ ఎంత పని చేస్తుందో దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. గరుకు వైపు చీర మీద ఆనించి లాగితే సన్నటి కొక్కేలు జరీ పోగుని పట్టుకుని బయటికి ఉచ్చులా లాగుతాయి. కంగారులో కాలు లాగారా, ఉచ్చు కాస్తా బారెడవుతుంది. పిల్లాణ్ణి కదలొద్దని చెప్పి, పట్టీని విప్పి, చెప్పు నుంచి బట్టని వేళ్ళతో ఒక్కో కొక్కెం దగ్గరా విడదీయండి. బయటికొచ్చిన పోగుని కత్తిరించకండి. కత్తిరిస్తే నేత అక్కడి నుంచి వదులవుతుంది. మొద్దు సూదితో వెనక వైపుకి తోసి, రఫ్ఫు చేసేవాళ్ళకి ఇవ్వండి. పిల్లల గాజులు, తలకి పెట్టే క్లిప్పులు కూడా ఇదే పని చేస్తాయి.

పట్టు మీద ఏది పడినా నీళ్ళు వేయకండి, రుద్దకండి. నీటి మరకే అసలు మరక కంటే పెద్దదవుతుంది. ఐస్‌క్రీమ్, కూల్‌డ్రింక్ అయితే తెల్ల నూలుగుడ్డతో అద్ది తీయండి. రంగు గుడ్డ వాడితే దాని రంగు దిగుతుంది. చిప్స్, కారప్పూస నూనె అయితే టాల్కం పౌడర్ చల్లి కాసేపు ఉంచి మెత్తటి బ్రష్‌తో దులపండి. చాక్లెట్ గట్టిపడ్డాక చెంచా అంచుతో గీకి, తరవాత డ్రై క్లీనింగ్‌కి పంపండి. సిరాకి మీరేం చేయకుండా అలాగే పంపడమే మంచిది.

డబ్బు సంగతి కౌంటర్ దగ్గర తేల్చొద్దు. "పాడైంది కాబట్టి కొనాల్సిందే" అని పట్టుబడితే గొడవ తప్ప చీర బాగుపడదు. మరక ఫోటో తీసి, ట్యాగ్ నంబరు, సమయం రాసి సూపర్‌వైజర్‌కి అప్పగించండి. చాలామంది తల్లిదండ్రులు అడగకుండానే రిపేరు ఖర్చు ఇస్తామంటారు. ఆ నష్టాన్ని మీ జీతంలో కోస్తామని ఎవరైనా అంటే, మీకు అప్పగించిన సరుకు మీ నిర్లక్ష్యం వల్లే పాడైందని తేలకుండా, మీ వివరణ వినకుండా కోయడానికి వేతనాల చట్టం ఒప్పుకోదు. ఆ ఫోటో, రాసిన కాగితం అప్పుడు పనికొస్తాయి.

ట్రయల్ రూమ్, ఎస్కలేటర్

ట్రయల్ రూమ్ తలుపు సందులో వేళ్ళు నలగడం మామూలుగా జరిగేదే. కీలు వైపు సందుకి రబ్బరు పట్టీ వేయించండి, గడియ బయట నుంచి నాణెంతో తిప్పి తీసేలా ఉండాలి. లోపల గడియ పెట్టుకుని తీయడం రాక ఏడ్చే పిల్లల కోసం తలుపు విరగ్గొట్టాల్సిన పని ఉండదు. మీరు మాత్రం పిల్లలతో లోపలికి వెళ్ళకండి, కొలతలు తీసేటప్పుడు టేపు ఒక చివర తల్లి చేత పట్టించండి. బుగ్గ గిల్లడం, ఎత్తుకోవడం, ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం ప్రేమతో చేసినా వద్దు.

ఎస్కలేటర్ ఉన్న షాపులో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఎర్ర బటన్ ఎక్కడుందో తెలియాలి. పైనా కిందా ఒక్కోటి ఉంటుంది. మెట్టుకీ పక్క గోడకీ మధ్య సందులో మెత్తటి రబ్బరు చెప్పులు, పొడవాటి లంగా అంచు, చున్నీ ఇరుక్కుంటాయి. అలా ఇరుక్కుంటే లాగే ముందు బటన్ నొక్కాలి. "పట్టుకోండి!" అని పైవాళ్ళకి వినపడేలా అరుస్తూ నొక్కండి, లేకపోతే ఆగిన ఊపుకి వాళ్ళు పడతారు. ఈ ఒక్క చోట అరవడం తప్పు కాదు.

గొంతులో ఏదైనా అడ్డుపడితే, పిల్లాడు గట్టిగా దగ్గుతున్నంతసేపు దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక మొహం రంగు మారుతుంటే ముందుకి వంచి భుజాల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా తట్టాలి. రాకపోతే, ఏడాది దాటిన పిల్లలకి వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన పిడికిలితో లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. ఏడాది లోపు పసివాళ్ళకి పొట్ట నొక్కకూడదు, వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ మధ్య నొక్కాలి. కనపడని దాని కోసం నోట్లో వేలు పెట్టి వెతక్కండి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇది చదివితే రాదు, ఎవరైనా చేయించి చూపించాలి. సీజన్ మొదలయ్యే ముందు మీ యజమానిని అడిగి ఒక పూట శిక్షణ పెట్టించుకోండి.

పిల్లాడు కనపడకపోతే

మొదట్లో చొక్కా రంగు గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. 1981లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఆడమ్ వాల్ష్ అనే ఆరేళ్ళ బాబు ఒక షాపులో తప్పిపోయి హత్యకి గురయ్యాడు. ఆ పేరు మీద వాల్‌మార్ట్ 1994లో తన షాపుల్లో కోడ్ ఆడమ్ అనే పద్ధతి పెట్టింది. దాన్ని మన షాపుకి తగ్గట్టు ఇలా చేయొచ్చు:

1. తల్లి చెప్పిన క్షణమే వయసు, బట్టల రంగు, ముఖ్యంగా కాళ్ళకి ఏం వేసుకున్నాడో అడిగి, సెక్యూరిటీకి చెప్పండి. ఎత్తుకుపోయేవాళ్ళు చొక్కా మార్చగలరు, చెప్పులు మార్చడం కష్టం.
2. బయటికి పోయే ప్రతి తలుపు దగ్గర, వెనక గోడౌన్ తలుపు దగ్గర కూడా ఒకరు నిలబడాలి. అలాంటి వయసు పిల్లాడితో ఎవరు వెళ్తున్నా, పిల్లాడు పెద్దవాళ్ళని గుర్తుపడుతున్నాడో లేదో చూడాలి.
3. తక్కినవాళ్ళు ఫ్లోర్లు పంచుకుని వెతకండి. స్టాండ్లకి వేలాడే బట్టల మధ్య, పరుపుల వెనక, ట్రయల్ రూముల్లో, లిఫ్టులో, టాయిలెట్‌లో చూడండి. చాలాసార్లు వేలాడే గౌన్ల మధ్యే దొరుకుతారు.
4. మైకులో పేరు చెప్పకండి. పేరు వింటే ఎవరైనా ఆ పేరుతో పిలిచి తీసుకుపోవచ్చు. బట్టల రంగు చెప్పండి చాలు.
5. పది నిమిషాల్లో దొరక్కపోతే పోలీసుల అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. పెద్దవాళ్ళు ఎవరో తెలియని పిల్లాడు దొరికితే పిల్లల సహాయ నంబరు 1098కి చేయండి.

దొరికిన పిల్లాణ్ణి "మా వాడే" అన్నంత మాత్రాన ఎవరికీ ఇచ్చేయకండి. పిల్లాడు వాళ్ళని చూసి ఏం చేశాడో చూడండి, ఫోన్‌లో ఇంటి ఫోటో అడగండి.

గుంపుగా వచ్చే పెద్ద పిల్లలు

పన్నెండు పద్నాలుగేళ్ళవాళ్ళు స్కూలు వదిలాక ఏసీ కోసం నలుగురైదుగురు కలిసి వస్తారు. వెంట నడుస్తూ కాపలా కాస్తే రెచ్చిపోతారు. ఎదురెళ్ళి "ఏం కావాలి తమ్ముడూ, ఏ సైజు?" అని మర్యాదగా అడిగి, పక్కనే మడతలు పెడుతూ ఉండండి. చూస్తున్నారని తెలిస్తే చాలామంది ఐదు నిమిషాల్లో వెళ్ళిపోతారు.

నాలుగేళ్ళవాడు సాక్సు జత జేబులో పెట్టుకుంటే అది దొంగతనం కాదు, వాడికి కొనడం అంటే ఏమిటో తెలియదు. "ఇది బిల్లు వేయిస్తావా, అరలో పెడతావా?" అని అడగండి. పెద్ద పిల్లాడైతే అందరి ముందు జేబులు వెతక్కండి, గదిలో పెట్టి గడియ వేయకండి. సూపర్‌వైజర్ సమక్షంలో తల్లిదండ్రులకి ఫోన్ చేయండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత అనే నేర చట్టంలో 20వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ళలోపు పిల్లలు చేసినది నేరమే కాదు. ఏడు నుంచి పన్నెండేళ్ళ మధ్య, చేసిన పని అర్థం చేసుకునేంత పరిణతి లేకపోతే 21వ సెక్షన్ ప్రకారం అదీ కాదు. మీరు చెయ్యి చేసుకుంటే 115వ సెక్షన్, గదిలో బంధిస్తే 127వ సెక్షన్ మీ మీదకి వస్తాయి. సీసీ కెమెరాలో పడిన పిల్లల మొహాలు వాట్సాప్ గ్రూపుల్లో, స్టేటస్‌లో పెట్టకండి. పదమూడేళ్ళకి చేసిన తప్పుకి ఆ ఊళ్ళో జీవితాంతం దొంగ అనిపించుకునే పిల్లాడు అవుతాడు.

రాత్రి షట్టర్ దించాక

పరుపుల కింద, స్టాండ్ల కింద ఇంకోసారి అయస్కాంతం తిప్పండి. డబ్బాలో సుద్దముక్కలు, పజిల్ ముక్కలు సరిపోయాయో చూసుకోండి, లేనివి పరుపు మడతల్లో ఉంటాయి. ఒక నోటుబుక్‌లో ఆ రోజు ఏ చోట, ఏ టైముకి, ఏ వయసు పిల్లలతో ఇబ్బంది వచ్చిందో ఒక్కో లైను రాయండి, పేర్లు అక్కర్లేదు. వారం తిరిగేసరికి అదే బొమ్మ దగ్గర, అదే మెట్టు దగ్గర మూడుసార్లు రాసి ఉంటే, రేపు పొద్దున్న షాపు తెరిచే ముందే ఆ బొమ్మని అక్కడి నుంచి జరపండి.